బాలింతకు కావలసినవి రోజులు



మన ఇళ్లలో బిడ్డ పుట్టిందన్న కబురు రాగానే చేతులు ధారాళమవుతాయి. మిఠాయి పెట్టె, జుబ్బాలు, దోమతెర, సబ్బూ పౌడరూ ఉన్న డబ్బా, స్థోమత ఉన్నవారైతే వెండి మువ్వలు. పేదింటి బాలింతకు సాయం చేద్దామని కూర్చున్నప్పుడు కూడా మనకు మొదట తట్టేవి ఈ వస్తువులే. వాటిని తప్పుపట్టడం లేదు. కాని ఆ తల్లికి అన్నిటికంటే కరువైనది మరొకటి ఉంది: సంపాదన పోతుందన్న బెంగ లేకుండా బిడ్డ దగ్గర గడపగలిగే రోజులు. ఉద్యోగస్తుల భాషలో దాని పేరు ప్రసూతి సెలవు. ఆ సెలవులో తల్లి రోజు ఎలా గడుస్తుంది, అది ఎవరికి దొరుకుతోంది, దొరకనివారికి మన జకాత్, సదఖాల ద్వారా ఏం చేయగలం అన్నది ఈ వ్యాసంలో వివరించే ప్రయత్నం చేస్తాను.

సెలవులో ఉన్న తల్లి రోజు

నిజానికి "సెలవు" అన్న పేరే దానికి నప్పదు. ఆ మాట వినగానే మనకు పండగ సెలవులో, వేసవి సెలవులో గుర్తొస్తాయి. "ఆరు నెలలు జీతం తీసుకుంటూ ఇంట్లో కూర్చుంది" అని ఆఫీసుల్లో అనేవారు ఉన్నారు. ఇంట్లో మగవాళ్లు కూడా సాయంత్రం వచ్చి, "పొద్దుటి నుంచి ఏం చేశావు?" అని మామూలుగానే అడుగుతుంటారు. కాబట్టి ఒకసారి లెక్క వేసి చూద్దాం.

అప్పుడే పుట్టిన బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. తొలి వారాల్లో ఒక్కోసారికి అరగంట పట్టడం మామూలే. పదిసార్లు అనుకున్నా అక్కడికే 5 గంటలు. తాగిన తర్వాత భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరాలి. తడిసిన గుడ్డ మార్చాలి, మళ్లీ నిద్రపుచ్చాలి. వీటికి ప్రతిసారీ ఇరవై నిమిషాలు వేసుకుంటే మరో మూడు గంటలకు పైనే. మొత్తం 8 గంటలు దాటింది. ఫ్యాక్టరీలో ఒక పూర్తి షిఫ్టు. ఫ్యాక్టరీ షిఫ్టు ఒక వేళకు మొదలై ఒక వేళకు ముగుస్తుంది. ఇది పగలూ రాత్రీ పది ముక్కలై పరుచుకుని ఉంటుంది. రాత్రి పదకొండుకు ఒకసారి, ఒంటిగంటన్నరకు ఒకసారి, నాలుగుకు మరోసారి. ఇక కన్ను మూతపడుతుందనుకునే వేళకు ఫజ్ర్ అజాన్ వినిపిస్తుంది, ఇల్లు లేస్తుంది. బిడ్డ రోజుకు పదహారు గంటల దాకా నిద్రపోతుందన్న మాట నిజమే. కాని అది రెండు గంటలూ, మూడు గంటలూగా పడే నిద్ర. ఆ ఎడంలోనే తల్లి తన స్నానం, తన భోజనం, గుడ్డలు ఉతకడం అన్నీ ముగించుకోవాలి. ఎక్కువ సార్లు ఈ మూడింటిలో ఒకటి ఎగిరిపోతుంది. సాధారణంగా ఎగిరిపోయేది భోజనం.

ఇక్కడ పాల గురించి ఒక సంగతి అందరూ తెలుసుకోవాలి. ముఖ్యంగా అత్తగార్లు. తల్లి పాలు కుండలో నింపి పెట్టిన నీళ్ల వంటివి కావు. బిడ్డ తాగేకొద్దీ ఊరుతాయి, తాగకపోతే తగ్గుతాయి. బిడ్డ ఏడ్చినప్పుడల్లా "పాలు చాలడం లేదు" అని తీర్పు చెప్పి డబ్బా పాలు తెప్పిస్తే, ఆ పూట రొమ్ము తాగడం తప్పుతుంది, మరుసటి రోజుకు పాలు ఇంకాస్త తగ్గుతాయి. అలా మనం చెప్పిన తీర్పు మనమే నిజం చేసినవాళ్లమవుతాం. పుట్టిన ఐదో రోజు తర్వాత బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు సరిపోతున్నట్టే. తొలి రోజుల్లో బిడ్డ బరువు కాస్త తగ్గుతుంది, రెండు వారాల లోపు మళ్లీ పుంజుకుంటుంది. ఆ కాస్త తగ్గుదల చూసి కంగారుపడి డబ్బా పాలకు పరుగెత్తేవారే ఎక్కువ.

తల్లి పనికి వెళ్లినా జరిగేది ఇదే. పది, పదిహేను రోజులకే పనిలో చేరిన తల్లికి పగలు నాలుగైదు సార్లు పాలివ్వడం కుదరదు. రొమ్ములు గడ్డకట్టి నొప్పి, జ్వరం వస్తాయి, తర్వాత పాలు తగ్గిపోతాయి. అప్పుడు డబ్బా కొనాలి. ఒక డబ్బా నాలుగు రోజులకే అయిపోతుంటే పేదింట్లో ఏం చేస్తారు? నీళ్లు ఎక్కువ పోసి పలచన చేస్తారు. సీసా సరిగా మరిగించే తీరిక ఉండదు. బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. రోజు కూలి కోసం వెళ్లిన తల్లి, ఆ కూలిని డబ్బాకు, డాక్టరుకు పోసి వస్తుంది.

తల్లి ఒళ్లు సంగతి వేరే చెప్పాలి. పురుడు తర్వాత రక్తస్రావం ఆరు వారాల దాకా ఉండవచ్చు. గర్భసంచి తన మామూలు స్థితికి రావడానికీ దాదాపు అంతే కాలం పడుతుంది. ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలు ప్రసవం తర్వాత 180 రోజులు వాడమని చెప్పేది ఊరికే కాదు. పైగా మన ప్రాంతంలో సిజేరియన్లు ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్‌తో జరిగినవే. పొట్ట కోసి కుట్టిన మనిషిని వారం తిరక్కుండా నీళ్ల బిందె ఎత్తమనే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

మనసు మాట కూడా దాచకూడదు. కాన్పు అయిన తొలి రెండు వారాల్లో కారణం లేకుండా కన్నీళ్లు రావడం చాలామందికి ఉంటుంది, దానంతటదే పోతుంది. అది రెండు వారాలు దాటినా తగ్గక, తిండీ నిద్రా కరువై, బిడ్డను చూసినా ఏమీ అనిపించని స్థితి వస్తే అది జబ్బు. నజర్ తగిలిందని, ఆసేబ్ పట్టిందని తిప్పడం కంటే ముందు డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు, ఖర్చు లేదు. దువా చేయించుకోవడానికి డాక్టరు ఎప్పుడూ అడ్డురాడు.

చిల్లా అనే పాత ఏర్పాటు

మన పెద్దలు ఇదంతా పుస్తకాల్లో చదవకపోయినా, దీనికొక ఏర్పాటు చేసి పెట్టారు. అదే చిల్లా. నలభై రోజులు అమ్మాయి పుట్టింట్లో ఉంటుంది. వంటగది వైపు చూడనివ్వరు. అచ్వానీ కాచి తాగిస్తారు, గోంద్ లడ్డూలు పెడతారు, నూనె మర్దన చేసి వేడినీళ్లు పోస్తారు. పొరుగున ఉన్న హిందూ ఇళ్లలో బాలింత కాయం, వెల్లుల్లి కారం, పథ్యం భోజనం. పేర్లు వేరు, ఉద్దేశం ఒకటే. షరీఅత్ కూడా నిఫాస్ రోజుల్లో తల్లికి నమాజు మినహాయించింది, ఉపవాసాలు తర్వాత పూర్తిచేసుకోమంది. ఆ గడువు కూడా హనఫీ ఫిఖహ్ ప్రకారం గరిష్ఠంగా నలభై రోజులే.

దేశ చట్టం కూడా దాదాపు ఈ అంకె దగ్గరికే వచ్చింది. కాన్పు అయిన నాటి నుంచి ఆరు వారాలు, అంటే 42 రోజులు, ఆ స్త్రీ చేత ఏ యజమానీ పని చేయించకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది.

చిల్లాలో మార్చుకోవలసినవీ కొన్ని ఉన్నాయి. ముర్రుపాలు పిండి పారబోయకూడదు, మొదటి గంటలోనే పట్టించాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లి పాలు తప్ప ఘుట్టీ కాని, నీళ్లు కాని అక్కరలేదు. తేనె ఏడాది లోపు బిడ్డకు ప్రమాదం, అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి విషం పసిపేగులు తట్టుకోలేవు. బొడ్డు మీద బూడిద, పసుపు, నూనె ఏదీ రాయక పొడిగా ఉంచితే అదే రాలిపోతుంది. బాలింతకు మంచినీళ్లు తగ్గించడం, గదంతా పొగ వేయడం మానుకోవాలి. మిగిలిన విశ్రాంతి, తిండి, తోడు మాత్రం బంగారం లాంటివి.

అయితే చిల్లా జరగాలంటే నలభై రోజులు కూర్చోబెట్టి పెట్టగల పుట్టిల్లు ఉండాలి. ఒక్క గది అద్దె ఇంట్లో, తల్లి కూడా రోజూ పనికి వెళ్లే పుట్టింట్లో చిల్లా ఎన్నాళ్లు సాగుతుంది? పదో రోజుకు అమ్మాయి తన గదికి తిరిగి వచ్చేస్తుంది. ఆచారం పేరు మిగులుతుంది, ఆచారం ఇచ్చే రోజులు మిగలవు.

సెలవు ఎవరికి ఉంది?

ప్రభుత్వ టీచరుకు, ఉద్యోగినికి 180 రోజులు జీతంతో కూడిన సెలవు ఉంటుంది. ప్రైవేటు రంగంలో 12 వారాలుగా ఉన్న సెలవును 2017 సవరణతో 26 వారాలు చేశారు. ఇద్దరు బిడ్డలున్న తల్లికి ఆ పై కాన్పుకు 12 వారాలే. కాన్పుకు ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, ఆమె అర్హురాలు. ఈఎస్ఐ కార్డు ఉన్నవారికి ఆ సంస్థే చెల్లిస్తుంది. తిరిగి పనిలో చేరాక బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలి. యాభై మంది పైన ఉన్నచోట శిశు సంరక్షణ గది ఉండాలి.

వినడానికి బాగుంది. ఈఎస్ఐ లేనిచోట ఈ జీతమంతా యజమానే భరించాలి. అందుకే చిన్న యాజమాన్యాలు తప్పించుకోవాలని చూస్తాయి. పెళ్లయిన అమ్మాయిని తీసుకోవడానికే వెనకాడేవారున్నారు. చిన్న ప్రైవేటు బడిలో టీచరుకు ఫిబ్రవరిలో కాన్పు అయితే, జూన్‌లో ఆ తరగతికి మరో టీచరు వస్తుంది. రాజీనామా అడగరు, కొత్త సంవత్సరానికి పిలవరు, అంతే. మన దాతల్లో బడులు, దుకాణాలు, నర్సింగ్ హోములు నడిపేవారు ఎందరో ఉన్నారు. సదఖా ఇచ్చే చేయి జీతాల రిజిస్టరు మీద సంతకం పెట్టే చేయి ఒకటే కదా. మీ దగ్గర పనిచేసే అమ్మాయికి చెల్లించవలసిన సెలవు జీతం ఆమె హక్కు. దాన్ని దానం పద్దులో వేసుకునే వీలు లేదు. చెల్లించకుండా బయట ఎంత ఇచ్చినా ఆ బాకీ తీరదు.

ఇక అసలు సంగతికి వద్దాం. మన స్త్రీలలో ఎక్కువమంది ఈ లెక్కలోకే రారు. పాతబస్తీలో లక్కగాజులకు రాళ్లు అతికేవారు, మగ్గం పని చేసేవారు, అగరబత్తీలు చుట్టేవారు, నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చేసేవారు, ఊరూరా మిషన్ కుట్టేవారు. వీరికి నెల జీతం లేదు. ముక్కకింత, డజనుకింత, వెయ్యికింత. పని ఇచ్చే మధ్యవర్తి తప్ప యజమాని ముఖం చూసి ఎరుగరు. చేయి ఆగిన రోజు కూలి ఆగుతుంది. ఇంట్లోనే ఉంటుంది కాబట్టి బిడ్డ దగ్గరే ఉన్నట్టు కదా అని అనుకోవచ్చు. ఉయ్యాల పక్కనే తంబాకు చాట పెట్టుకుని కూర్చున్న తల్లిని చూసినవారు ఆ మాట అనరు. ఆ దుమ్ము బిడ్డ పీలుస్తుంది. ఏడ్చినప్పుడల్లా లేచి చేతులు కడుక్కుని పాలిస్తే ఆ రోజు లెక్క పూర్తికాదు, అందుకని ఏడుపును కాసేపు ఆగనిస్తుంది. ఆ కాసేపు రోజురోజుకూ పెరుగుతుంది.

ప్రభుత్వ సాయం లేదనడం లేదు. ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు విడతలుగా ఇస్తారు. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. అంగన్‌వాడీలో బాలింతలకు పాలు, గుడ్లు ఉన్నాయి. వీటిని వదులుకోకూడదు. కాని రోజుకు 300 రూపాయలు సంపాదించే తల్లి అనుకుంటే, 5,000 అంటే పదహారు రోజుల కూలి. అదీ కాగితాలన్నీ సరిగా ఉండి, ఖాతా ఆమె పేరున ఉండి, వేళకు పడితే. మూడో బిడ్డ తల్లికి ఆ పదహారు రోజులు కూడా లేవు.

హజ్రత్ ఉమర్ (రజి) మార్చిన నియమం

ఈ విషయంలో మనకు కొత్త ఆలోచనలు వెదకనక్కరలేదు. ఇస్లామీయ చరిత్ర గ్రంథాల్లో ఒక సంఘటన ఉంది. రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో పాలు మాన్పించిన పిల్లలకు బైతుల్ మాల్ నుంచి భత్యం ఇచ్చేవారు. ఒకసారి మదీనా వెలుపల ఒక వర్తక బిడారు దిగింది. ఆ రాత్రి ఉమర్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దానికి కాపలా కాశారు. ఒక పసిబిడ్డ ఆగకుండా ఏడుస్తున్నాడు. ఉమర్ (రజి) వెళ్లి తల్లికి చెప్పి వచ్చారు. మళ్లీ ఏడుపు. మూడోసారి వెళ్లి గట్టిగా అడిగితే, తానెవరితో మాట్లాడుతున్నదో తెలియని ఆ తల్లి అసలు మాట చెప్పింది: పాలు మానితేనే ఉమర్ భత్యం ఇస్తాడు, అందుకే వేళకు ముందే మాన్పిస్తున్నాను అని. బిడ్డ వయసు ఎన్నో నెలలు కూడా లేదు. ఆ ఫజ్ర్ నమాజులో ఖలీఫా ఏడుపు వల్ల ఆయన ఖిరాఅత్ వెనకున్నవారికి సరిగా వినిపించలేదట. తర్వాత చాటింపు వేయించారు: పాలు మాన్పించడానికి తొందరపడవద్దు, ఇక నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం.

ఆ తల్లిని ఆయన శిక్షించలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. డబ్బు ఇచ్చే నియమం బిడ్డ నోటి దగ్గరి పాలను లాగేస్తోందని గ్రహించి నియమాన్నే మార్చారు. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 233వ ఆయతు తల్లులు రెండేళ్లు పాలివ్వడం గురించి చెప్పిన చోటనే, ఆ తల్లి తిండి, బట్ట భారం తండ్రిదని కూడా చెప్పింది. పాలిచ్చే కాలానికి పోషణ ఏర్పాటు అక్కడే జోడించి ఉంది. తండ్రికి శక్తి లేని ఇంట్లో ఆ ఏర్పాటు చూడవలసినది ఎవరు? బైతుల్ మాల్ లేని మన కాలంలో ఈ ప్రశ్న మన వంటి సంస్థల వైపే తిరుగుతుంది.

ఒక తల్లికి ఎంత అవుతుంది?

పైన అనుకున్న 300 రూపాయల లెక్కనే తీసుకుందాం. చిల్లా నలభై రోజులకు పూర్తి కూలి ఇస్తే 12,000. తర్వాత ఆరు నెలలు నిండేదాకా, అంటే 140 రోజులు, సగం పని చేసుకుంటూ సగం కూలి మన నుంచి పొందితే 21,000. మొత్తం 33,000 రూపాయలు. అఖీఖాకు ఫంక్షన్ హాలు మాట్లాడిన ఎవరికైనా ఈ అంకె పెద్దదిగా కనిపించదు. అంత వీలు కాకపోతే నలభై రోజుల భాగాన్ని ఒక్కటైనా ఎత్తుకోవచ్చు. ఎందుకంటే పాలు కుదురుకునేది, కుట్లు మానేది ఆ రోజుల్లోనే.

కుటుంబం జకాత్‌కు అర్హమైనదైతే జకాత్ నుంచి ఇవ్వవచ్చు. సందేహం ఉంటే ఉలమాను అడిగి, కాకపోతే సదఖా నుంచి ఇవ్వాలి. జకాత్ సొమ్ము అర్హుల చేతికి వారి సొంతమై అందాలన్నది హనఫీ ఉలమా చెప్పే నిబంధన, కాబట్టి కిట్లు కొనడం కంటే నగదు ఇవ్వడమే దానికి బాగా నప్పుతుంది. మాతృవందన దరఖాస్తు నింపిపెట్టడం, పుట్టిన రోజు, 6, 10, 14 వారాలకు వేయించవలసిన టీకాల తేదీలు గుర్తుచేయడం కార్యకర్తలు చేయగలరు. దానికి డబ్బుతో పనిలేదు, ఓపిక చాలు.

వెళ్లేది స్త్రీలే అయి ఉండాలి. తనిఖీకి వచ్చినట్టు ఉండకూడదు. పాల డబ్బా కానుకగా తీసుకెళ్లకూడదు. డాక్టరు చెప్పిన సందర్భం వేరు. ఫొటో తీయకూడదు. చెదిరిన జుట్టుతో, తడిసిన బట్టలతో ఉన్న బాలింత గదిలోకి కెమెరా ఎత్తడం ఆమె పర్దాకు, పరువుకు రెంటికీ అన్యాయం. ఇలాంటి సాయానికి ఫొటోల ఆధారం అడగవద్దని దాతలకు మనవి.

మరొక్క మాట. మొత్తం ఒకేసారి ఇస్తే అది ఆసుపత్రి అప్పుకో, అద్దె బాకీకో ఆ రోజే వెళ్లిపోతుంది, మరుసటి వారానికి ఆమె మళ్లీ చాట ముందుకు చేరుతుంది. వారానికి ఒకసారి, మధ్యవర్తి కూలి లెక్క చూసే శనివారం నాడే, ఆమె పేరున ఉన్న ఖాతాలో పడాలి. ఖాతా లేకపోతే మొదటి పని అది తెరిపించడం.